లోకలా, నాన్‌లోకలా? కన్వీనర్ సీటు కోసం మీ పిల్లల స్థానికత లెక్క మీరే తేల్చుకోవడం ఎలా

ఏటా కౌన్సెలింగ్ మొదలయ్యే సరికి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "సార్, మాది ఖమ్మమే. తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నాం. పాపను ఇంటర్‌కి విజయవాడలో వేశాం. ఇప్పుడు లిస్టులో నాన్‌లోకల్ అని పెట్టారు. ఎవరిని కలవాలి?" ఎవరినీ కలవక్కర్లేదు. ఏదైనా చేయాలంటే రెండేళ్ల కిందట, ఇంటర్ కాలేజీకి అడ్వాన్స్ కట్టే ముందు చేయాల్సింది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ఈ మాట మొహం మీద చెప్పడానికి ఇబ్బంది పడతాను. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

పిల్లలు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా పనికొస్తుంది. ఇంటర్ అయిపోయినవాళ్లు మొదటి మూడు దశలు చేసి, నేరుగా ఐదో దశకు వెళ్లండి.

ముందు రెండు ముక్కలు

తెలంగాణలో ప్రైవేటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీటుకు ఏడాది ఫీజు 60 వేల రూపాయలుగా ఉంటూ వచ్చింది. అదే కాలేజీలో, అదే బెంచీ మీద బి కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో కూర్చుంటే 11 లక్షల పైమాట. ఇంజినీరింగ్‌లో తేడా ఇంత లేకపోయినా, కన్వీనర్ సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. పోటీ అంతా ఈ చవక సీట్ల కోసమే.

ఈ సీట్లలో 85 శాతం స్థానికులకు. మిగతా 15 శాతం అన్‌రిజర్వుడ్. రాజ్యాంగంలోని 371(డి) అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఈ లెక్కకు మూలం. అందులో మూడు లోకల్ ఏరియాలు ఉన్నాయి. తెలంగాణ మొత్తం ఉస్మానియా ఏరియా. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. నాలుగు రాయలసీమ జిల్లాలూ నెల్లూరూ కలిపి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. వీటినే ఓయూ, ఏయూ, ఎస్వీయూ అంటాం.

రాష్ట్రం విడిపోయినా పునర్విభజన చట్టంలోని 95వ సెక్షన్ ఈ పద్ధతిని పదేళ్లు అలాగే నడిపించింది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. అప్పటి నుంచి నిబంధనలు బిగిశాయి. "మా అన్న కొడుక్కి 2019లో ఇలాగే వచ్చింది కదా" అనే మాటను ఇక పక్కన పెట్టండి. నేను చూసిన పొరపాట్లలో సగం ఆ మాట నుంచే పుట్టాయి.

కావలసినవి

- 6వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్. కొన్ని బళ్లలో బోనఫైడ్ అంటారు.
- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ.
- మధ్యలో ఏ బడిలోనూ చదవని ఏళ్లుంటే, ఆ ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం.
- 15 శాతం కింద ప్రయత్నించేవాళ్లకు తల్లిదండ్రుల పదేళ్ల నివాస పత్రం, లేదా ఉద్యోగ ధ్రువపత్రం.
- ఈ ఏడాది నోటిఫికేషన్. నిరుటిది కాదు.
- ఒక తెల్లకాగితం, పెన్ను.

ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఈ జాబితాలో ఎందుకు లేవంటారా? బడిలో చదివిన పిల్లల విషయంలో అవి స్థానికతను తేల్చవు. ఇంటి పన్ను రశీదులు ఫైలు నిండా పెట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. ఆ ఫైలు ఎవరూ తెరవలేదు.

1వ దశ: ఏడు వరుసల పట్టీ రాయండి

కాగితం మీద ఏడు వరుసలు గీయండి. ఒక్కో వరుసలో విద్యా సంవత్సరం, తరగతి, బడి పేరు, బడి ఉన్న ఊరు, జిల్లా, రాష్ట్రం రాయండి. ఆరో తరగతితో మొదలై ఇంటర్ రెండో ఏడాదితో ముగుస్తుంది.

ఇక్కడ రాయాల్సింది మీ ఇల్లున్న ఊరు కాదు, బడి ఉన్న ఊరు. ఎటపాకలో ఇల్లు, భద్రాచలంలో బడి అనుకోండి. సైకిల్ మీద పోయొచ్చే దూరమే. కానీ 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. ఇల్లు ఒక రాష్ట్రం, బడి ఇంకో రాష్ట్రం. పట్టీలో భద్రాచలం, తెలంగాణ అనే రాయాలి. కొడంగల్, గద్వాల, కోదాడ, సత్తుపల్లి లాంటి సరిహద్దు ఊళ్లవాళ్లు కూడా ఈ వరుసను రెండుసార్లు సరిచూసుకోండి.

హాస్టల్లో ఉండి చదివితే బడి ఉన్న చోటే లెక్క. గురుకులాలకూ అంతే. నవోదయలో తొమ్మిదో తరగతికి కొంతమంది పిల్లల్ని ఏడాది పాటు వేరే రాష్ట్రపు విద్యాలయానికి పంపుతారు. ఆ ఏడాదిని సొంత జిల్లా పేరుతో రాసేయకండి. ఉన్నదున్నట్టు రాసి, పక్కన చుక్క పెట్టుకోండి. ఇలాంటివాళ్ల కోసం నోటిఫికేషన్‌లో విడిగా వాక్యం ఉందేమో ముందు అదే వెతకాలి.

2వ దశ: కింది నాలుగు వరుసల చుట్టూ గీత గీయండి

తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. అసలు కథంతా ఈ నాలుగు వరుసల్లోనే ఉంది. అర్హత పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒకే లోకల్ ఏరియాలో చదివితే అక్కడ లోకల్. నాలుగింట్లోనూ తెలంగాణ ఉంటే తెలంగాణలో లోకల్, మీ ఇంటిపేరు ఏ జిల్లాదైనా సరే. భీమవరం నుంచి వచ్చి కూకట్‌పల్లిలో కాపురం ఉంటున్నవాళ్ల అబ్బాయి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా హైదరాబాద్‌లో చదివితే అతను తెలంగాణ లోకల్. భీమవరంలో అతనికి స్థానికత లేదు. వాళ్ల నాన్నకు ఈ మాట రుచించదు, కానీ లెక్క అదే.

ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడే జవాబులు.

లాంగ్‌టర్మ్ కోచింగ్ లెక్కలోకి వస్తుందా? రాదు. అర్హత పరీక్ష అంటే ఇంటర్. నీట్ కాదు, ఈఏపీసెట్ కాదు. ఇంటర్ అయ్యాక రాజస్థాన్‌లోని కోటాలో చదివినా, విజయవాడలో చదివినా స్థానికత చెక్కుచెదరదు.

ఇంటర్ తప్పి ఏడాది పోతే? పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదే ప్రమాణం. తరగతి తప్పడం వల్ల మధ్యలో పోయిన కాలాన్ని వరుస తెగినట్టు చూడరు.

పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాస్తే? అప్పుడు అర్హత పరీక్ష డిప్లొమా. పదో తరగతి, డిప్లొమా మూడేళ్లు కలిసి నాలుగు. డిగ్రీ తర్వాత ఎంబీఏ, ఎంసీఏల కోసం ఐసెట్ రాసేవాళ్లకు ఇంటర్ రెండో ఏడాది, డిగ్రీ మూడేళ్లు. ఇంటర్ దాకా ఒక చోట లోకల్ అయినవాళ్లు డిగ్రీ వేరే చోట చదివితే పీజీ నాటికి మారిపోవచ్చు. స్థానికత ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది కాదు. ప్రతి అర్హత పరీక్షకూ మళ్లీ లెక్క కట్టాలి.

3వ దశ: నాలుగేళ్లు కుదరకపోతే ఏడేళ్లు చూడండి (ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్‌లో)

నాలుగేళ్ల లెక్కలో ఏ ఏరియాకూ చెందనివాళ్ల కోసం 1974 ఉత్తర్వులో రెండో మెట్టు ఉంది. ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, అందులో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో అక్కడ లోకల్. సమానంగా వస్తే చివరగా చదివిన ఏరియా.

నెల్లూరు అమ్మాయిని తీసుకోండి. ఆరు నుంచి పది దాకా నెల్లూరు, ఇంటర్ విజయవాడ. చివరి నాలుగేళ్లలో రెండు ఎస్వీయూ, రెండు ఏయూ, కాబట్టి మొదటి మెట్టు మీద ఎక్కడా నిలవదు. ఏడేళ్లు చూస్తే ఐదు ఎస్వీయూ. ఎస్వీయూ లోకల్.

ఇప్పుడు కర్నూలు అబ్బాయి. ఎనిమిది దాకా కర్నూలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా విజయవాడ రెసిడెన్షియల్. నాలుగేళ్లూ ఏయూ. మొదటి మెట్టు మీదే తేలిపోయింది కాబట్టి ఏడేళ్ల దాకా పోనక్కర్లేదు. అతను ఏయూ లోకల్. సీమలో పుట్టి పెరిగినా ఎస్వీయూ ఏరియా కాలేజీల్లోని 85 శాతంలో అతనికి వాటా లేదు. "ఐఐటీ ఫౌండేషన్" అని తొమ్మిదిలోనే దూరం పంపే తల్లిదండ్రులు ఈ సంగతి అడగనే అడగరు, కాలేజీ పీఆర్వోలు చెప్పనే చెప్పరు.

2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు మారాయి. కొత్త జిల్లా పేరు చూసి ఏరియా ఊహించుకోకండి. పాత ప్రకాశం, పాత నెల్లూరు సరిహద్దు మండలాలవాళ్లు నోటిఫికేషన్‌లోని జాబితాలో తమ ఊరు ఎటు పడిందో చూసి మరీ నింపాలి.

4వ దశ: పట్టీలో రెండు రాష్ట్రాలు కనిపిస్తే ఆగండి

ఖమ్మం పాప దగ్గరికి వద్దాం. ఆరు నుంచి పది దాకా ఖమ్మం, ఇంటర్ విజయవాడ. పాత రోజుల్లో ఏడేళ్ల మెట్టు ఆ పాపను కాపాడేది. ఐదేళ్లు ఓయూ కాబట్టి ఓయూ లోకల్. ఇప్పుడు తెలంగాణ మెడికల్ ప్రవేశాల్లో ఆ దారి మూసుకుపోయింది. 2024 జులై 19న వచ్చిన జీఓ 33 చివరి నాలుగేళ్లూ తెలంగాణలోనే చదవాలంది. తెలంగాణ శాశ్వత నివాసులకు ఇది వర్తించకూడదని హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో చెప్పింది. దాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు పక్కన పెట్టి, నాలుగేళ్ల నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది.

మరి ఆంధ్రప్రదేశ్‌లో? అక్కడ చదివింది రెండేళ్లే. నాలుగూ లేవు, ఏడూ లేవు. రెంటికీ చెడ్డ రేవడి.

తమాషా ఏమిటంటే, నిట్‌ల (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల) విషయానికొస్తే ఆ పాపే ఆంధ్రప్రదేశ్ అమ్మాయి. నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. కాబట్టి ఆ పాపకు సొంత రాష్ట్రం కోటా వరంగల్‌లో కాదు, తాడేపల్లిగూడెంలో.

ఈ నియమం న్యాయమేనా అని నన్ను అడిగితే సూటిగా చెప్పలేను. ఆసిఫాబాద్ గురుకులంలో చదివి ఇక్కడే వైద్యం చేయబోయే పిల్లకు ఇది అండ. సరిహద్దు దాటి చదువుకున్న ఖమ్మం పిల్లకు ఇది దెబ్బ. నియమం పుట్టింది మొదటి పిల్ల కోసమే, రెండో పిల్ల అందులో నలిగింది.

చేయాల్సింది మాత్రం తేలికే. పిల్ల పదో తరగతిలో ఉండగానే ఈ దశ పూర్తి చేయండి. ఇంటర్ ఏ ఊళ్లో అనేది కాలేజీ ర్యాంకుల ప్రకటన చూసి కాదు, ఈ పట్టీ చూసి నిర్ణయించండి. పెద్ద కోచింగే కావాలనుకుంటే సొంత రాష్ట్రంలోనే వెతకండి, లేదా ఇంటర్ ఇక్కడ ముగించి లాంగ్‌టర్మ్‌కు అక్కడికి పంపండి. "అడ్మిషన్ ఇక్కడ, చదువు అక్కడ" అనే డమ్మీ ఏర్పాటు ఎవరైనా చూపిస్తే వద్దనండి. హాజరు రిజిస్టరు బయటికొచ్చిన రోజున పోయేది సీటే. కాలేజీకి ఏమీ కాదు.

ప్రభుత్వోద్యోగుల పిల్లల్లో కొందరికి, ముఖ్యంగా బదిలీల మీద, సైన్యంలో బయట పనిచేసిన వాళ్ల పిల్లలకు మినహాయింపు ఉండవచ్చు. మీరు ఆ కోవలోకి వస్తే ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ పేరా చదివి, అక్కడ అడిగిన పత్రాన్ని ఆఫీసు నుంచి ముందే తీసుకోండి.

5వ దశ: 15 శాతం తలుపు తట్టండి

దీన్ని అందరూ "నాన్‌లోకల్ కోటా" అంటారు. ఆ పేరే తప్పుదోవ పట్టిస్తుంది. ఇది అన్‌రిజర్వుడ్. మెరిట్ ఉన్న లోకల్ పిల్లలూ ఇందులోకి వస్తారు. అందుకే ఇక్కడ సీటు రావాలంటే 85 శాతంలో వచ్చేదానికన్నా మంచి ర్యాంకు ఉండాలనుకోవడం క్షేమం.

ఇందులో పోటీపడే అర్హత కూడా అందరికీ ఉండదు. రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించినవాళ్లు (బయట చదివిన కాలం తీసేయాలి), తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు నివసించినవాళ్లు (బయట ఉద్యోగం చేసిన కాలం తీసేయాలి), ఆ రాష్ట్రంలో ప్రభుత్వ, ప్రభుత్వ రంగ, స్థానిక సంస్థల్లాంటి చోట్ల పనిచేస్తున్న వారి పిల్లలు, అలాంటి ఉద్యోగుల జీవిత భాగస్వాములు. తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశాల్లో 2025 ఫిబ్రవరి 27 నాటి జీఓ 15 తర్వాత పక్క రాష్ట్రం విద్యార్థి కేవలం ర్యాంకు చూపించి ఈ 15 శాతంలోకి రాలేడు. తెలంగాణతో పై సంబంధాల్లో ఏదో ఒకటి ఉండాలి.

మన ఖమ్మం పాపకు ఇక్కడ ఊపిరాడుతుంది. వాళ్ల అమ్మానాన్నలు పదేళ్లకు పైగా ఖమ్మంలోనే ఉన్నారు కాబట్టి తహసీల్దారు పత్రంతో ఇంజినీరింగ్‌లో ఈ 15 శాతానికి అర్హత ఉంది. ఇంటి కాగితాలు అక్కరకొచ్చే చోటు ఏదైనా ఉంటే ఇదొక్కటే: తహసీల్దారు ఆఫీసులో పదేళ్ల నివాసం చూపించడానికి.

మెడికల్‌లో ఈ తలుపు ఇంకా సన్నం. తెలంగాణలో 2014 జూన్ 2 తర్వాత పెట్టిన మెడికల్ కాలేజీల కన్వీనర్ సీట్లన్నీ 2023 నుంచి స్థానికులకే. బి కేటగిరీలో కూడా 2022 నుంచి 85 శాతం స్థానికులకే. కాబట్టి లోకల్ కానివాళ్లు ఆలిండియా కోటాను మొదటి ఆశగా పెట్టుకోవాలి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు అటు వెళతాయి, అక్కడ లోకల్ ఊసే లేదు. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లూ అంతే. దానికి రిజిస్ట్రేషన్ వేరే, గడువు వేరే. రాష్ట్ర కౌన్సెలింగ్ దరఖాస్తులోనే అది కలిసి ఉంటుందనుకుని వదిలేసినవాళ్లున్నారు.

6వ దశ: సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి

ర్యాంకు వచ్చాక చూద్దాం అనుకోకండి. బళ్లకు వేసవి సెలవులు, హెడ్మాస్టరు ఊళ్లో ఉండరు, ముద్ర బీరువాలో ఉంటుంది, తాళం ఆయన జేబులో ఉంటుంది.

స్టడీ సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి ఇవి చూడండి:

- తరగతీ, విద్యా సంవత్సరమూ జతగా ఉన్నాయా? "6 నుంచి 10 వరకు మా బడిలో చదివాడు" అని మాత్రమే రాస్తే ఏడాదుల వారీగా రాయించుకోండి.
- వరుసలో ఏ ఏడాదీ ఎగిరిపోలేదు కదా? మా చెల్లెలి కొడుకు సర్టిఫికెట్లలో ఒకే విద్యా సంవత్సరం రెండు తరగతులకు పడింది. గుమస్తా చేతి పొరపాటే. దాన్ని దిద్దించడానికి మూడుసార్లు బస్సెక్కాం.
- పేరు, తండ్రి పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా?
- బడి ఉన్న ఊరు, మండలం, జిల్లా ఉన్నాయా? కార్పొరేట్ విద్యాసంస్థల్లో హెడ్డాఫీసు చిరునామాతో లెటర్‌హెడ్ ఇస్తారు. మీ పిల్లవాడు చదివింది వరంగల్ బ్రాంచి, కాగితం మీద ఇంకో రాష్ట్రపు చిరునామా. బ్రాంచి పేరుతోనే ఇవ్వమని అడగండి.

బడి మూతపడితే దాని రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. ఇక్కడ మూడు నాలుగు వారాలు పోతాయనుకునే బయల్దేరండి.

టీసీ ఉంటే చాలదా అని అడుగుతారు. చాలదు. టీసీ ఆ బడి వదిలిన సంగతి చెబుతుంది, స్టడీ సర్టిఫికెట్ ఏడాదేడాదికి ఎక్కడున్నారో చెబుతుంది. రెండూ కావాలి.

నివాస పత్రం గురించి ఒక హెచ్చరిక. నాలుగేళ్ల నివాసం చూపి లోకల్ అనిపించుకునే వీలు, ఆ కాలంలో ఏ బడిలోనూ చదవనివాళ్ల కోసం పెట్టింది. ప్రైవేటుగా పరీక్ష కట్టినవాళ్లు దీని కిందికి వస్తారు. విజయవాడలో రెగ్యులర్‌గా ఇంటర్ చదివి, "మా ఇల్లు మాత్రం ఖమ్మమే" అని నివాస పత్రం పెడితే పనిచేయదు.

7వ దశ: దరఖాస్తు నింపండి

దరఖాస్తులో చదివిన చోట్లు అడిగినప్పుడు మీ పట్టీ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం అదే నింపండి. నెట్ సెంటర్ అబ్బాయి చేతికి ఫోను ఇచ్చి చాయ్ తాగడానికి పోకండి. అతను ఆధార్ చిరునామా చూసి జిల్లా నొక్కేస్తాడు.

ఇంకో గందరగోళం ఉద్యోగాల లోకల్. తెలంగాణలో 2018 నాటి ఉత్తర్వు ప్రకారం ఉద్యోగాలకు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివిన జిల్లా చూస్తారు. కాలేజీ సీటుకు చూసేది చివరి ఏళ్లు. రెండూ వేరు. పెద్దబ్బాయి గ్రూప్స్‌కు వాడిన బోనఫైడ్ల పద్ధతే చిన్నబ్బాయి ఈఏపీసెట్‌కు సరిపోతుందనుకుని ఒకటి నుంచి ఏడు దాకా పత్రాలన్నీ తెచ్చి, తొమ్మిదిదీ పదిదీ మరిచిన తండ్రి ఒకాయన నాకు తెలుసు.

లోకల్ అయినంత మాత్రాన ఫీజు రీయింబర్స్‌మెంట్ దానంతట అది రాదు. దానికి ఆదాయ పత్రం, విడిగా దరఖాస్తు ఉంటాయి. తెలంగాణలో ఇంజినీరింగ్‌కు బీసీ, ఈబీసీల్లో 10 వేల లోపు ర్యాంకు వచ్చినవాళ్లకు మొత్తం ఫీజు, ఆపైన వాళ్లకు 35 వేలు అనే పద్ధతి నడిచింది. మేనేజ్‌మెంట్ సీటుకు ఏదీ లేదు.

8వ దశ: సరిగ్గా పడిందో లేదో మూడు చోట్ల చూడండి

మొదట, సబ్మిట్ చేశాక వచ్చే ప్రింటు. లోకల్ ఏరియా గడిలో ఏముందో చూడండి. రెండోది, సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక ఇచ్చే రశీదు. పరిశీలించినవాళ్లు గడి మార్చి ఉండవచ్చు, అక్కడే అడగండి. హెల్ప్‌లైన్ సెంటర్ గుమ్మం దాటాక అడిగితే ఇంకో రోజు రమ్మంటారు. మూడోది, మెడికల్ అయితే తాత్కాలిక మెరిట్ జాబితా. ర్యాంకు చూసుకుని మురిసిపోయి పక్క గడి చూడనివాళ్లే ఎక్కువ.

తప్పు కనిపిస్తే అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టండి. గడువు ఒకట్రెండు రోజులే ఉంటుంది. కథ రాయకండి. దరఖాస్తు నంబరు, ర్యాంకు, జాబితాలో ఏమని పడింది, ఏమని ఉండాలి, ఏ నాలుగేళ్లు ఎక్కడ చదివారు. నాలుగు వరుసలు, నాలుగు సర్టిఫికెట్ల స్కాన్లు, అంతే. పంపిన మెయిల్‌కు జవాబు రాకపోతే మర్నాడు పొద్దున్నే ఒరిజినల్స్‌తో వరంగల్ అయితే కాళోజీ వర్సిటీకి, విజయవాడ అయితే ఎన్టీఆర్ వర్సిటీకి బస్సెక్కండి. మొదటి దశలో రాసిన ఆ తెల్లకాగితాన్ని ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. కౌంటర్‌లో ఉన్నాయన ముందు చూసేది అదే.